సొంత డబ్బా అనిపించకుండా మన పని గురించి ఆన్‌లైన్‌లో చెప్పుకోవాలంటే: ఏ పద్ధతి, ఏ చోటు ఎవరికి నప్పుతుంది

రాజమండ్రిలో మా ఇంటి ముందు గదిలో మగ్గం వర్క్ బ్లౌజులు చేయడం మొదలుపెట్టి ఏడేళ్ళయింది. మొదటి రెండేళ్ళు ఆన్‌లైన్‌లో ఒక్క ఫొటో కూడా పెట్టలేదు. పని బాగుంటే వాళ్ళే వెతుక్కుంటూ వస్తారులే అని అందరితో అనేదాన్ని. అసలు కారణం అది కాదు. నా గురించి నేను చెప్పుకోవాలంటే జంకు. మన ఇళ్ళల్లో ఎవరైనా తన గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పుకుంటే "సొంత డబ్బా" అనేస్తారు. భారతంలో కర్ణపర్వం కథ చిన్నప్పుడు మా తాతగారు చెప్పేవారు. అన్నగారిని అనరాని మాటలు అన్నానని అర్జునుడు ప్రాణం తీసుకోబోతే, నిన్ను నువ్వు పొగుడుకో, అది చచ్చినదానితో సమానమే అంటాడు కృష్ణుడు. అలాంటి కథలు వింటూ పెరిగి, "మా పని బాగుంటుంది, రండి" అని పదిమందిలో అనాలంటే నోరు రాదు.

కానీ మా వీధి చివరి ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడు వాళ్ళు బ్లౌజులన్నీ హైదరాబాద్ పంపి చేయించుకున్నారు. నాలుగిళ్ళ అవతల నేనున్నానని వాళ్ళకి తెలియదు. ఆ రోజు చాలా బాధేసింది. వాళ్ళ మీద కాదు, నా మీద నాకే. అప్పటి నుంచి చెప్పుకోవడం నేర్చుకుంటూ వచ్చాను, తప్పులు చేస్తూనే. ఇప్పుడు మా దగ్గర పని నేర్చుకుని సొంతంగా పెట్టుకునే అమ్మాయిలు అడిగేది ఒకటే: "అక్కా, ఎక్కడ పెట్టాలి? ఏమని పెట్టాలి?" చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఇన్‌స్టాగ్రామా, యూట్యూబా అని తేల్చుకోవడానికే నెలలు పడుతుంది. నాకు మాత్రం రెండో ప్రశ్నే ముఖ్యం అనిపిస్తుంది, అందుకే ముందు అది.

ఏమని చెప్పాలి

ఒకే బ్లౌజు గురించి నాలుగు రకాలుగా చెప్పొచ్చు. నాలుగూ నేను చేసి చూసినవే.

మొదటిది పొగుడుకోవడం. "రాజమండ్రిలో నంబర్ వన్ మగ్గం వర్క్. ఇలాంటి ఫినిషింగ్ ఇంకెక్కడా దొరకదు." నా మొట్టమొదటి పోస్టు ఇదే. అది చూసి మా పెద్దమ్మ ఫోన్ చేసి, "నంబర్ వన్ అని ఎవరిచ్చారే?" అని అడిగింది. ఆవిడ ఎత్తిపొడవలేదు, నిజంగానే ఏదో పోటీలో వచ్చిందనుకుని సంతోషంగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఈ పద్ధతిలో ఉన్న ఇబ్బంది అదే. చదివేవాళ్ళు నమ్మడానికి ఆధారం ఏమీ ఉండదు, నమ్మకపోవడానికి మాత్రం కారణం ఉంటుంది: పక్క షాపు కూడా అదే మాట రాస్తుంది.

రెండోది తగ్గించుకోవడం. పెద్దమ్మ ఫోన్ తర్వాత నేను వెంటనే ఈ వైపుకి వచ్చేశాను. "ఏదో ఇంట్లో ఖాళీగా ఉండలేక చేస్తున్నాను, తప్పులుంటే క్షమించండి" అని రాసి, ముప్పై గంటలు పట్టిన పెళ్ళి బ్లౌజు ఫొటో పెట్టాను. పొగరు అని ఎవరూ అనలేదు. కానీ ఆ వారం వచ్చిన ఫోన్లన్నీ బేరాలే. "ఇంట్లోనే కదా చేస్తున్నారు, ఐదొందలకి చేసిపెట్టండి" అని. జర్దోసి, కుందన్లు, పూసల ఖర్చే అంతకంటే ఎక్కువ. మన పనిని మనమే ఒక మెట్టు దించితే ఎదుటివాళ్ళు ఇంకో మెట్టు దించి అడుగుతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. పైగా అది వినయం కూడా కాదు. పని బాగా వచ్చిందని నాకు తెలుసు. "అయ్యో, చాలా బాగుందండీ" అని ఎవరో ఒకరు అనాలనే అలా రాశాను. చదివేవాళ్ళకి అది ఇట్టే తెలిసిపోతుంది. నన్నడిగితే మొదటి పద్ధతి కంటే ఇదే ఎక్కువ చేటు చేస్తుంది.

మూడోది వేరేవాళ్ళ నోట చెప్పించడం. కస్టమర్ పంపిన మెసేజ్ స్క్రీన్‌షాట్, గూగుల్ రివ్యూ, ఇన్‌ఫ్లుయెన్సర్ రీల్ లాంటివి. మనం నోరు విప్పక్కర్లేదు కాబట్టి జంకున్నవాళ్ళకి హాయిగా ఉంటుంది. అయితే అన్ని మెసేజ్‌లూ ఒకటి కాదు. "సూపర్ అక్కా" అని రాసి ఇరవై ఎమోజీలు పెట్టిన మెసేజ్ వల్ల ఒరిగేదేమీ లేదు. "చంక దగ్గర పట్టెయ్యలేదు, రెండుసార్లు డ్రై క్లీనింగ్‌కి ఇచ్చినా ఒక్క పూస రాలలేదు" అని వచ్చిన మెసేజ్ ఒక్కటి చాలు. పెట్టొచ్చా అని అడగాలి, పేరు, నంబర్ చెరిపెయ్యాలి. వారానికి ఒకటి దాటితే మాత్రం అదీ పొగడ్తే అవుతుంది, కాకపోతే అరువు పొగడ్త. ఇన్‌ఫ్లుయెన్సర్ విషయంలో ఇంకో సంగతి: డబ్బిచ్చినా, ఫ్రీగా బ్లౌజు చేసిచ్చినా, అది ప్రకటన అని ఆ రీల్‌లోనే కనబడేలా చెప్పించాలి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో తెచ్చిన మార్గదర్శకాలు ఉచితంగా ఇచ్చిన వస్తువులకి కూడా వర్తిస్తాయి. చాలామంది చెప్పరు. మీరు చెప్పించండి, దానివల్ల ఆర్డర్లు తగ్గవు.

నాలుగోది, ఇప్పుడు నేను అందరికీ చెప్పేది: పని చూపించి, వివరం చెప్పడం. ఈ మధ్య పెట్టిన ఒక పోస్టు ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను.

"కంచిపట్టు, ముదురు ఆకుపచ్చ. వీపు మీద జంట నెమళ్ళు, హ్యాండ్స్‌కి బుటీలు. నెమలి మెడకి లోడింగ్, ఈకలకి జర్దోసి. మగ్గం మీద నాలుగు రోజులు. వీపు మధ్యలో పూసలు వెయ్యలేదు, పూలజడ వేసుకుంటే చిక్కుకుంటాయని."

లోడింగ్ అంటే ఎత్తుగా నింపే కుట్టు. ఇందులో ఒక్క పొగడ్త మాట లేదు. కానీ చదివినావిడకి ఈ మనిషికి పని వచ్చు, కట్టుకునేవాళ్ళ గురించి ఆలోచిస్తుంది అని తనంతట తనకే అనిపిస్తుంది. "బాగుంది" అనే మాట చదివేవాళ్ళ కోసం వదిలిపెట్టాలి. మనం ముందే అనేస్తే వాళ్ళు అనడానికి ఏమీ మిగలదు, కాదనడమే మిగులుతుంది. ఆ పూలజడ మాట చదివి ఒకావిడ తణుకు నుంచి ఫోన్ చేశారు. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళిలో జడ పూసలకి తట్టుకుని, పీటల మీద కూర్చున్నంతసేపూ ఇబ్బంది పడిందట. చిన్నమ్మాయి బ్లౌజులు నాలుగూ మాకే ఇచ్చారు.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. నిదానం. మొదటి రెండు మూడు నెలలు ఎవరూ పట్టించుకోనట్టే ఉంటుంది, టెన్షన్ వస్తుంది. పని జరుగుతున్నప్పుడే ఫొటోలు తియ్యాలి, చేతులకి జిగురున్నా, కరెంటు లేకపోయినా. వివరం మరీ ఎక్కువైతే తోటి పనివాళ్ళకి తప్ప ఎవరికీ అర్థం కాదు. కుట్టు పేర్లు ఒకటో రెండో చాలు, మిగతాదంతా కట్టుకునే మనిషికి పనికొచ్చేదే ఉండాలి. ఇదే దారిలో ఇంకొంచెం ముందుకెళ్తే, మనకి తెలిసింది పంచడం వస్తుంది. తక్కువరకం జరీ ఎందుకు నల్లబడుతుంది, వర్క్ బ్లౌజుని బీరువాలో ఎలా మడిచి పెట్టాలి, లోపలికి ఏ బట్ట చుట్టాలి అని చెప్పే చిన్న వీడియోలు. నాకు ఎక్కువమంది కొత్తవాళ్ళు వచ్చింది నల్లబడ్డ జరీ వీడియో వల్లే. దాన్లో నా పని ఒక్కటి కూడా చూపించలేదు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. పెళ్ళి కాకముందు పెళ్ళికూతురి బ్లౌజు ఫొటో పెట్టకండి, ముహూర్తం అయ్యాకే, అదీ అడిగాకే. అలాగే కస్టమర్ ఎక్కడో చూసి తెచ్చిన డిజైన్‌ని మన డిజైన్ అని రాయకండి. "కస్టమర్ తెచ్చిన డిజైన్, రంగులు మార్చాం" అని రాస్తే తక్కువేమీ కాదు.

నేను, నా, మా

తెలుగులో మనకొక వెసులుబాటు ఉంది. "కుట్టాను" అంటే చాలు, ఎవరు కుట్టారో ఆ మాటలోనే ఉంది. "నేను కుట్టాను" అంటే కాస్త నొక్కి చెప్పినట్టు. "నేనే కుట్టాను" అంటే ఇంకెవరికీ చేతకాదన్నట్టు వినబడుతుంది. ఇంగ్లీషు పోస్టులు చూసి అలవాటై ప్రతి వాక్యం "నేను" అని మొదలుపెడుతున్నాం, అక్కడే సగం గొప్పల వాసన వస్తుంది. రాసింది పైకి చదువుకోండి. "నేను", "నా" ఎక్కడెక్కడ తీసేసినా అర్థం చెడదో అక్కడల్లా తీసేయండి.

ఒక్కరే చేస్తున్నా "మా దగ్గర" అనడం మన నోటికి సహజమే, మా ఇల్లు, మా ఊరు అన్నట్టు. కానీ ఆ "మా" వెనక నిజంగా ఇంకెవరైనా ఉంటే వాళ్ళని చెప్పకుండా వదిలెయ్యకూడదు. ఇది నేను బాధపడి నేర్చుకున్నాను.

నాలుగేళ్ళ కిందట పని పెరిగాక ఇద్దరు కారిగర్లను, అంటే మగ్గం పనివాళ్ళను, పెట్టుకున్నాను, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో పెద్దాయన నెమలి వేస్తే, కంటి దగ్గర ఒకే ఒక్క నల్లపూస పెడతాడు, కొంచెం పక్కకి. ఆ పూస వల్ల నెమలి తల తిప్పి మనవైపు చూస్తున్నట్టుంటుంది. ఆ బ్లౌజు ఫొటో పెట్టి "నా చేతి పని" అని రాశాను. కావాలని కాదు, అలవాటుగా. సాయంత్రం టీ తాగుతున్నప్పుడు ఆయన ఫోన్‌లో ఆ పోస్టు చూసి, పక్కనున్న అమ్మాయిని ఏం రాశారు అని అడిగాడు. ఆ అమ్మాయి చదివి, హిందీలో చెప్పింది. ఆయన ఏమీ అనలేదు. గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళి మగ్గం ముందు కూర్చున్నాడు. నాకు ఆ రాత్రంతా నిద్ర లేదు. "నంబర్ వన్" అని రాసినప్పుడు కూడా అంత తప్పు చేశాననిపించలేదు.

మర్నాడే మార్చాను. అప్పటి నుంచి ప్రతి పోస్టు కింద డ్రాయింగ్ ఎవరిది, మగ్గం పని ఎవరిది, కుట్టు ఎవరిది అని ఉంటుంది. ఆయన ఒప్పుకున్నాక ఆయన పేరుతోనే. ఇప్పుడు కొంతమంది "ఆ నెమలి వేసే ఆయనతోనే వేయించండి" అని అడిగి మరీ చెప్తారు. దానివల్ల నాకు తగ్గిందేమీ లేదు, ఆర్డరు నా దగ్గరికే కదా వస్తోంది.

ఎక్కడ చెప్పాలి

వాట్సాప్‌తో మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. అది మంచిదే, కానీ గొప్పలు చెప్పుకుంటున్నామనిపించే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది కూడా అక్కడే. స్టేటస్ చూసేది మన నంబర్ ఉన్నవాళ్ళు: ఆడపడుచులు, స్కూలు స్నేహితులు, పిల్లల టీచర్లు. వాళ్ళలో బ్లౌజు కావలసినవాళ్ళు కొద్దిమందే. రోజుకి పదిహేను స్టేటస్‌లు పెడితే మ్యూట్ చేస్తారు, పండక్కి కలిసినప్పుడు ముఖం మీదే అనకపోయినా. అందుకే పనికి వేరే నంబర్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి, అది ఫ్రీ. కేటలాగ్‌లో ఫొటో, ధర, ఎన్ని రోజులు పడుతుందో పెట్టెయ్యొచ్చు. అడిగినవాళ్ళకి లింక్ పంపితే సరిపోతుంది, ప్రతిసారీ మన గురించి మనం చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకదానికి 256 మంది దాకా పెట్టుకోవచ్చు, మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. ఇదొక లోపం అంటారు కొందరు. నాకైతే ఇదే నచ్చింది. సేవ్ చేసుకున్నారంటే కావాలనే కదా. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం ఆర్డర్ల గురించి పెట్టకండి. అడిగితే చెప్పండి, అంతే.

ఇన్‌స్టాగ్రామ్‌లో చూసేది ఎక్కువగా మనం తెలియనివాళ్ళు. వాళ్ళకి మనం ఫలానా వాళ్ళ కోడలమని తెలియదు, పని ఒక్కటే కనబడుతుంది. అందుకే జంకున్నవాళ్ళకి నిజానికి వాట్సాప్ కంటే ఇదే తేలిక. బయోలో 150 అక్షరాలే పడతాయి. "డ్రీమర్, క్రియేటర్, ప్యాషనేట్ ఆర్టిస్ట్" అని అక్కడ నింపేకంటే "మగ్గం వర్క్, కుట్టు. రాజమండ్రి. పెళ్ళి ఆర్డర్లు నెల ముందు చెప్పండి" అని రాస్తే వచ్చినవాళ్ళకి కావలసింది దొరుకుతుంది. పైన మూడు పోస్టులు పిన్ చేసుకోవచ్చు. నేను ఒకటి ధరల గురించి, ఒకటి మగ్గం ఎక్కించినప్పటి నుంచి దింపేదాకా పని ఎలా సాగుతుందో చూపించే వీడియో, ఒకటి ఆ నెమళ్ళ బ్లౌజు పెట్టాను. ధర దాచి "డీఎం చెయ్యండి" అని రాయడం నాకు ఇష్టం ఉండదు. ధర చెప్పడం గొప్పలు కాదు, దాస్తేనే బిల్డప్‌లా ఉంటుంది.

దుకాణానికి మనుషులు నడిచి రావాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కంటే మంచిది లేదు. అదీ ఉచితమే. అక్కడ మనం రాసేది టైమింగ్స్, అడ్రస్, ఫొటోలే, మిగతాది రివ్యూలు చెప్తాయి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తాననడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం. బ్లౌజు తీసుకెళ్ళి, కట్టుకుని, సంతోషంగా ఫోన్ చేసినప్పుడు "వీలైతే అక్కడ రెండు మాటలు రాయండి, ఏదైనా లోటుంటే అది కూడా" అని అడగండి. మాకు ఒకసారి రెండు చుక్కల రివ్యూ వచ్చింది, హ్యాండ్ బిగుతైందని, మూడు రోజులు ఆలస్యమైందని. రెండూ నిజమే. "ఆలస్యం మాదే, హ్యాండ్ విప్పి కుట్టిస్తాం, తీసుకురండి" అని కింద రాశాను. తర్వాత వచ్చిన ఒక కస్టమర్ ఆ జవాబు చూసే వచ్చానన్నారు.

ఫేస్‌బుక్‌కి నేను పెద్దగా సమయం ఇవ్వను. మీ కస్టమర్లు నలభై దాటినవాళ్ళు, ఊరి గ్రూపుల్లో చురుగ్గా ఉండేవాళ్ళు అయితే మీరు ఇవ్వొచ్చు.

యూట్యూబ్ ఎవరికి నప్పుతుందో మా పక్కింటి సంగీతం టీచర్‌ని చూస్తే తెలిసింది. ఆవిడ అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకి కర్ణాటక సంగీతం నేర్పుతారు. కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరంటే వేసవిలో మనకి తెల్లారి ఆరున్నర, ఆవిడ క్లాసులన్నీ అప్పుడే. మొదట ఆవిడ తను పాడిన కీర్తనలు పెట్టేవారు. బాగా పాడతారు, కానీ పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులకి కావలసింది అది కాదు. తర్వాత, తల్లిదండ్రుల అనుమతితో, ఒకే పాప మొదటి నెలలో సరళీ స్వరాలు పాడినది, ఏడాది తర్వాత గీతం పాడినది పక్కపక్కన పెట్టారు. టీచర్ గురించి ఒక్క మాట లేదు. నేర్చుకోవడానికి సమయం పట్టే పని మీదైతే, పది నిమిషాల వీడియో చెప్పగలిగింది రీల్ చెప్పలేదు.

ఉద్యోగం వెతుక్కునేవాళ్ళకి

ఇది నా పని కాదు, కానీ మా తమ్ముడి వల్ల దగ్గరగా చూశాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. ఉద్యోగం పోయాక లింక్డ్‌ఇన్‌లో వారానికో సర్టిఫికెట్ ఫొటో పెట్టి, "ఎంతో గర్వంగా తెలియజేస్తున్నాను" అని రాసేవాడు. లైకులు వచ్చేవి, ఇంటర్వ్యూ కాల్స్ రాలేదు. ఒరేయ్, నువ్వు ఆఫీసులో ఏం చేసేవాడివో ఒక్కటి చెప్పు అన్నాను. పేమెంట్ పేజీలో నెట్ మధ్యలో పోయి మళ్ళీ వస్తే డబ్బు రెండుసార్లు కట్ అయ్యే తప్పును ఎలా పట్టుకున్నాడో చెప్పాడు, నాక్కూడా అర్థమయ్యేలా. అదే రాయించాను, కంపెనీ పేరు, లోపలి సంగతులు లేకుండా, సాయం చేసిన డెవలపర్ల గురించి కూడా చెప్తూ. పేరు కింద కనబడే హెడ్‌లైన్‌కి 220 అక్షరాలు ఇస్తారు, అక్కడ "రిజల్ట్ ఓరియెంటెడ్ ప్రొఫెషనల్" తీసేసి "పేమెంట్ యాప్‌ల టెస్టింగ్, ఐదేళ్ళు" అని పెట్టాడు. "ఓపెన్ టు వర్క్" పెట్టడానికి మొదట సిగ్గుపడ్డాడు. ఉద్యోగం కావాలని చెప్పడంలో సిగ్గేముంది, అడగందే అమ్మైనా పెట్టదు. పాత మేనేజర్‌ని రికమెండేషన్ అడిగేటప్పుడు కూడా "నా గురించి మంచిగా రాయండి" అనకుండా, "ఫలానా ప్రాజెక్టు గురించి రెండు మాటలు రాస్తారా సార్" అని అడిగాడు. ఆయన ఆ పేమెంట్ తప్పు సంగతే రాశారు.

కొత్తగా మొదలుపెట్టే అమ్మాయిలకి నేను ఇచ్చే సలహా ఇలా ఉంటుంది. ఊళ్ళోవాళ్ళే కస్టమర్లయితే వాట్సాప్ బిజినెస్, గూగుల్ ప్రొఫైల్, ఈ రెండూ చాలు. కొరియర్‌లో పంపే ఆలోచన ఉంటే ఇన్‌స్టాగ్రామ్ కూడా. మూడింటికీ వేర్వేరుగా రాయక్కర్లేదు, ఒకే వివరం మూడు చోట్లా పనికొస్తుంది. శ్రావణమాసం ఆర్డర్లు మొదలయ్యే లోపు ఒక్క బ్లౌజు ఎంచుకుని, గుడ్డ మీద డ్రాయింగ్ వేసిన రోజు ఒక ఫొటో, మగ్గానికి బిగించిన రోజు ఒకటి, సగం పని అయినప్పుడు ఒకటి, కుట్టాక ఒకటి తీసి ఉంచుకోండి. నాలుగు ఫొటోల కిందా ఆ రోజు ఏం చేశారో, ఎందుకు అలా చేశారో రెండు ముక్కలు రాయండి. రాయడానికి ఏమీ లేదనిపిస్తే, ఆ బ్లౌజు గురించి కస్టమర్ మిమ్మల్ని అడిగిన ప్రశ్న ఏమిటో గుర్తుచేసుకుని, దానికి జవాబు రాయండి.